అంకెలు అంటని నకలు

ఉపేందర్ చేసిన పుస్తకం కంటికి ముద్దుగానే ఉంది. పనికే రాలేదు.

గోదావరిఖని చౌరస్తా పక్క సందులో అతని డీటీపీ దుకాణం. పెళ్లి కార్డులు, యూనియన్ కరపత్రాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేసిన చేతికి మొదటిసారి ఒక పుస్తకం దొరికింది. ఊళ్లోని కంప్యూటర్ కాలేజీకి పైథాన్ ప్రోగ్రాముల పుస్తకం, పీడీఎఫ్ ఫైలుగా. పిల్లలు ల్యాబులో దాన్ని తెర మీద తెరిచి, ప్రోగ్రామును నకలు తీసి, వేరేచోట అతికించి నడిపించాలి. అదే నడవడం లేదని పాఠం చెప్పే శాంతిరాజ్ సారు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"ప్రిన్సిపాల్ గరం మీదున్నడు ఉపేందరన్నా. సోమవారం ప్రాక్టికల్ మొదలైతది. ఇయ్యాల సక్కగ కాకపోతే పుస్తకం రెండో భాగం హైదరాబాదుల ఇస్తనంటున్నడు."

"ఏమైంది సారూ? అచ్చుతప్పులు లేవు గదా."

"గీ తప్పు కండ్లకు కానరాదు. గిటు చూడు."

సారు ఒక ప్రోగ్రామును నకలు తీసి అతికించాడు. ప్రతి వరుస ముందు దాని నంబరు కూడా వచ్చి కూర్చుంది. లోపలికి జరిగి ఉండాల్సిన వరుసలన్నీ అంచుకు వచ్చి నిలబడ్డాయి. నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులు వంకర తిరిగాయి. నడిపించబోతే కంప్యూటరు ఎర్రక్షరాలతో తిట్టింది.

"షిఫ్టు చార్టు లెక్క నంబర్లేసినవ్. మంచిగనే ఉంది," అన్నాడు సారు. "కని పిలువకున్నా నంబరు గూడ డ్యూటీకొచ్చింది."

ఉపేందర్ తెర మీదికి వంగి ఒక్కో వరుసా చూశాడు. కొటేషన్లకు వంపు తిప్పింది తనే, శుభలేఖల మీద అలాగే బాగుంటాయని. వరుసల్ని ఖాళీలు కొట్టకుండా మౌసుతో పట్టి పక్కకు జరిపిందీ తనే. ఇన్నేండ్లూ అతను చేసిందంతా గోడ మీదో చేతిలో పట్టుకునో చూసేదే. అందులోంచి ఎవరూ ఏదీ తీసుకుపోలేదు.

"అయితే నంబర్లు తీసేస్త."

"తీస్తె ఎట్ల? ఏడో వరుస చూడుండ్రి అని పిల్లలకు చెప్పాలె గదా. నంబరు కనవడాలె, నకల్ల రావొద్దు."

అవతల పెళ్లి కార్డులు కత్తిరిస్తున్న ఉపేందర్ భార్య మమత తల ఎత్తకుండానే అంది: "పెండ్లికొడుకు రావాలె, బారాత్ రావొద్దు అన్నట్టుంది సారూ."

ఉపేందర్ పనిలో పడ్డాడు. గుర్తుల్ని నిటారు చేశాడు. జరిపిన ప్రతి వరుసనూ వెనక్కి తెచ్చి ఖాళీలు కొట్టాడు. నంబర్లన్నిటినీ వరుసల్లోంచి కోసి పక్కన వేరే పట్టీగా పెట్టాడు. మధ్యాహ్నం దాటింది. ఫైలు చేసేముందు చెయ్యి అలవాటుగా రెండు మీటలు నొక్కింది. ఫ్లెక్సీకి పంపేటప్పుడు తెలుగు అక్షరాలు చెదరకుండా అన్నిటినీ బొమ్మలుగా మార్చే మీటలవి.

సారు నకలు తీయబోతే ఏదీ చిక్కలేదు.

"నంబర్లు వస్తలేవు," అన్నాడు. "ప్రోగ్రాం గూడ వస్తలేదు."

"ఎలుకలున్నయని ఇల్లే తగలవెట్టిండు," అంది మమత.

అప్పుడు తట్టింది ఉపేందర్‌కు. బొమ్మయిన అక్షరం కంటికి కనబడుతుంది గానీ నకలుకు చిక్కదు. చేసినదాన్ని వెనక్కి తిప్పి, ఈసారి నంబర్ల పట్టీని ఒక్కదాన్నే పట్టి అవే మీటలు నొక్కాడు. ప్రోగ్రాము జోలికి పోలేదు.

సారు అతికించి చూశాడు. వరుసలు మాత్రమే వచ్చాయి.

"ఈడ అయితే ఏం ఫాయిదా? పిల్లలు చేసేది మీ ల్యాబుల," అన్నాడు ఉపేందర్. ఇద్దరూ సారు బండి మీద కాలేజీకి పోయారు. ల్యాబులోని పాత కంప్యూటరులో తెరిచి అతికించారు. లోపలి వరుసలు లోపలే ఉన్నాయి. ప్రోగ్రాము నడిచింది.

శాంతిరాజ్ సారు బయటికి పోయి ఫోన్ చేశాడు. "మంచిగైంది సార్. రెండో భాగం గూడ ఈయనకే ఇద్దాం." తిరిగి వచ్చేసరికి ఉపేందర్ ఇంకో పేజీలో వరుసలు పట్టి నకలు తీస్తున్నాడు.

"ప్రిన్సిపాల్ సరే అన్నడన్నా. పా, చాయ్ తాగుదాం."

"నడిచింది ఒక్కటే గదా సారూ," అన్నాడు ఉపేందర్, కుర్చీ ముందుకు జరుపుకొని. "మిగిలినయి ఎవలు చూస్తరు?"