పన్నెండేళ్ల చెయ్యి

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. గుమ్మం పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న నాయనమ్మ సమ్మవ్వ. అమ్మ. పొద్దున్నే శ్రీరాంపూర్ నుంచి వచ్చిన తిరుమల అత్త, అంటే మా మేనమామ భార్య. లోపలి గదిలో కూలర్ పెట్టుకుని, బొగ్గుగనిలో నైట్‌షిఫ్టు చేసొచ్చి పడుకున్న బాపు. ఎడమ చేతికి పిండికట్టుతో నేను.

బాపు నైట్‌షిఫ్టు చేసొచ్చిన రోజు మా క్వార్టర్‌లో ఎవరూ గొంతెత్తరు. కుక్కర్ కూత పెట్టకముందే అమ్మ పొయ్యి కట్టేస్తుంది. అందుకే ఆ రోజు జరిగిందంతా మెల్లని మాటల్లోనే జరిగింది.

అత్త వచ్చింది నా కోసమే. నా ఇంటర్ పరీక్షలయ్యాక పూలు పండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకుని, పద్దెనిమిది నిండగానే తన కొడుకు శివ బావకు నన్ను చేసుకోవాలని. అత్త తెచ్చిన బత్తాయిల సంచి ఇంకా విప్పలేదు. అంతలో ఆమని మేడం తలుపు కొట్టింది.

ఆమె హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్. ఆడపిల్లల ఒంట్లో ఊరే హార్మోన్లకూ ఎముకలకూ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తోంది. పోయిన నెల మా కాలేజీకి వచ్చి మా చేతులకు ఎక్స్‌రేలు తీసింది. అప్పటికి నా ఎడమ చెయ్యి విరగడం రెండోసారి.

"సగం బిందె నీళ్లెత్తితే ఇరుగుతదా మేడం, చెయ్యి?" అంది నాయనమ్మ. "ఇది పిల్ల గాదు, మక్కజొన్న దంటు."

అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేడం నవ్వలేదు. "మమతతో, వాళ్ల అమ్మగారితో విడిగా మాట్లాడాలండీ" అంది.

"నేను పరాయిదాన్నా?" అంది అత్త. "రేపు నా ఇంటికొచ్చే పిల్ల."

మేడం అమ్మ వైపు చూసింది. వదినెను బయటికి పొమ్మనడం అమ్మ వల్ల కాలేదు. "ఉండనియ్యి మేడం" అంది.

మేడం నా కుడిచేతి ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఎముకల చివర్లలో సన్నని నల్లని సందులు చూపించింది. "పదిహేడేళ్లకు ఇవి దాదాపు మూసుకుపోవాలి. ఎముక వయసు చూస్తే ఇది పన్నెండేళ్ల పిల్ల చెయ్యి. మమతకి మొదటిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?"

"ఎనిమిదో తరగతిల" నాయనమ్మే చెప్పింది. "గా ఫోటో చూడుండ్రి. ఊరంత తిన్నరు."

గోడ మీది ఫోటోలో మామ పెట్టిన చీర కట్టుకుని నేనే ఉన్నాను. అప్పుడు మేము కమాన్‌పూర్‌లో ఉండేవాళ్లం. బడి నుంచి వస్తూ సైకిల్ మీది నుంచి పడితే తొడకు పెడలు గీసుకుంది. గౌనుకు నెత్తురు చూసి నాయనమ్మ నన్ను మూలకు కూర్చోబెట్టింది, మామకు ఫోన్ చేయించింది. పడ్డానని చెప్పాను. "అందరు గట్లనే సిగ్గుపడ్తరు" అంది. మర్నాడు స్నానం చేయిస్తూ అమ్మ గాయం చూసింది. అప్పటికి మామ చీర తీసుకుని బయలుదేరాడు, వాడకట్టంతా బెల్లం పంచారు. "ఇయ్యాల గాకపోతే రేపొస్తది, ఊకో" అంది అమ్మ. ఇప్పటిదాకా రాలేదు. నెలనెలా మూడు రోజులు అమ్మ నన్ను దూరం కూర్చోబెడుతుంది. నాయనమ్మ నమ్ముతుంది.

మేడం నాతోనే మాట్లాడింది. "నెలసరిని తెచ్చే హార్మోనే ఎముకకు బలమిస్తుందమ్మా. అది చాలకపోతే ఈ వయసులో గట్టిపడాల్సిన ఎముక బోలుగా ఉండిపోతుంది. మందులున్నాయి. కానీ ఆలస్యమైన కొద్దీ పోయింది పూర్తిగా తిరిగి రాదు. నువ్వు నిజం చెప్పాలి."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. కానీ పిండికట్టు లోపల చెయ్యి సలుపుతోంది.

"నాకు ఎప్పుడూ రాలేదు మేడం" అన్నాను.

నాయనమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"ఏందే కోడలా?" అంది అత్త. తర్వాత మేడంను అడిగింది. "అంటే పిల్లలు పుట్టరా?"

"రక్తపరీక్ష, స్కానింగ్ చెయ్యకుండా ఏదీ చెప్పలేనండీ. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. తనకింకా పద్దెనిమిది నిండలేదు, అమ్మో నాన్నో సంతకం పెట్టాలి."

అత్త లేచింది. "వదినె, మీ అన్న తెచ్చిన చీర ఏ మొకం పెట్టుకొని కట్టిచ్చినవ్?"

"వదినె, జెర ఆగు..." అమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అత్త విడిపించుకుంది. బత్తాయిల సంచి తీసుకుని వెళ్లిపోయింది.

అమ్మ మేడం వైపు తిరిగింది. "మా పిల్లకు ఏం లేదు. ఏ సంతకం లేదు. పొండ్రి."

"వాళ్ల నాన్నగారు పెట్టినా చాలమ్మా" అని మేడం కాగితం, పెన్ను నా కుడిచేతిలో పెట్టింది. "కాసేపు కారులోనే ఉంటాను."

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యింది. కిటికీ రెక్కలు అదిరాయి. ఆ అదురు తగ్గాక, లోపలి గదిలో కూలర్ చప్పుడు వినిపించడం లేదని గమనించాను.

లోపలికి వెళ్లాను. కరెంటు ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. కూలర్ స్విచ్ కట్టేసి ఉంది. బాపు గోడ వైపు తిరిగి కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

"బాపూ, అంత ఇన్నవా?"

తల కింది దిండు సర్దుకున్నాడు.

"మేడం బయటనే ఉన్నది. ఒక్క సంతకం బాపూ. నువ్వు పెడితే సాలంట."

నా వైపు తిరిగి పిండికట్టు చూశాడు. "నొస్తుందా?"

"నొస్తుంది."

"మీ మామకు ఏం జెప్పాలె నేను?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే నన్ను అడిగినట్టు అన్నాడు. కాగితం చాపాను.

బాపు మంచం దిగాడు. పెన్ను తీసుకుంటాడనుకుని దారి ఇస్తూ గడప ఇవతలికి జరిగాను. ఆయన గడప దాకా వచ్చాడు. వీధిలో కారు హారన్ ఒకసారి మోగింది.

"మల్ల నైట్‌షిఫ్టున్నది బిడ్డా. జెర పండుకోనియ్యి" అన్నాడు. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.