నేల కింద శుక్రవారాలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఆదోని బజారులో పన్నెండడుగుల వెడల్పు కొట్టు, అమ్మకానికి తాళ్లు, పగ్గాలు, జల్లెళ్లు, ఎద్దుల మెడకు కట్టే మువ్వలు, నేలంతా నున్నటి నాపబండలు, వెనక గదిలో ఆ మువ్వలను నూలు పట్టెడలకు కుట్టే నా భార్య చూడామణి. గల్లాపెట్టె నుంచి ఆమె కుర్చీ దాకా పదహారు అడుగులు. ఈ ఉదయం కొలిస్తే నాలుగు ఫర్లాంగులు వచ్చింది.

టేపు తప్పు కాదు. నేల కుంగింది. బండలు ఒకదాని వెనక ఒకటి వాలి, కొట్టు లోపలికి సాగిపోయింది. పగిలిన బండ ఒక్కటీ లేదు. చూడామణి కుర్చీ ఇక్కడి నుంచి జొన్నగింజంత కనిపిస్తోంది.

పొద్దున ఆమె "కాఫీ తాగుతారా?" అని అడిగితే ఆ మాట నాకు మధ్యాహ్నం చేరుతుంది. "తాగుతాను" అని నేను చెప్పే జవాబు ఆమెకు మర్నాటికి అందుతుంది. జవాబు లేని మనిషికి కాఫీ పెట్టడం దండగ కాబట్టి ఆమె నాలుగు రోజులుగా పెట్టడం లేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

రోజుకు ఎంత దూరం జరుగుతోందో లెక్క వేస్తాను. ఇదే వరసన పోతే వానలు పడేసరికి నా భార్య ఆలూరులో ఉంటుంది. దీపావళికి కర్ణాటకలో ఉంటుంది. అక్కడికి నా మాట చేరేలోపు ఏం చెప్పానో నేనే మరిచిపోతాను.

పక్క కొట్టు ఫకీరప్ప గడప దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తాడు.

"బండలన్నీ పగలగొట్టించి కొత్తగా వేయించు, శెట్టీ. మూడు నెలలు మూసుకుంటే సరిపోతాది."

నేను మూడు గంటలు కూడా మూసే మనిషిని కాను. పైగా బండలు పగలగొడితే చూడామణి ఏ ముక్క మీద ఎటు పోతుందో చెప్పలేం. అందుకని ఉరుకుందమ్మకు కబురు పెడతాను. కట్టిన ఇంటిని కదిలించకుండా కింద మన్నును గట్టి చేయడం ఆమె పని.

ఆమె మట్టం చూసే నీళ్ల గొట్టాన్ని మెడలో దండలా వేసుకుని, బెజ్జాలు వేయడానికి చేత్తో తిప్పే బరమా, ఒక పంపు, ఒక గరాటు పట్టుకుని వస్తుంది. గొట్టం ఒక కొస నాకిచ్చి రెండో కొస పట్టుకుని పదడుగులు లోపలికి నడుస్తుంది. నా కొసలో నీళ్లు మోకాలి దగ్గర నిలుస్తాయి. ఆమె కొసలో తల దాటి నిలుస్తాయి. ఆమె తల ఊపి, బండకు బొటనవేలంత బెజ్జం వేసి, చిటికెడు మన్ను పైకి తీసి నాలుక మీద పెట్టుకుంటుంది.

"బండది తప్పు లేదు. మన్ను గుల్లబారింది. దీంట్లో శుక్రవారం లేదు, సావుకారీ."

"ఉండాలా?"

"నీ అంగడికి సెలవెప్పుడు?"

"శుక్రవారమే. బజారంతటికీ శుక్రవారమే."

"మూస్తావా?"

"షట్టరు సగం దించుతాను."

"సగం దించి?"

"వంగి వచ్చినవాళ్లకు అమ్ముతాను."

"ఎన్నేండ్లుగా?"

"పందొమ్మిది."

ఉరుకుందమ్మ బరమా కింద పెడుతుంది. "వారానికి ఒకనాడు పైన బరువు తీసి మన్నును కాళ్లు చాపుకోనీయల్ల. ఇయ్యకపోతే ఆ నాడు ఉండాల్సిన చోట బొక్క పడతాది. నీ కింద అన్నీ బొక్కలే."

ఏడాదికి యాభై రెండు చొప్పున పందొమ్మిదేళ్లకు తొమ్మిదివందల ఎనభై ఎనిమిది బొక్కలు. బేరం ఆడకుండా ఏ అంకెనూ ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

"షట్టరు సగం దించానుగా. సగానికి లెక్క కట్టు."

"ఎప్పుడన్నా సగం స్నానం చేసి బజారుకు వచ్చినావా?"

"పోనీ, సున్నం పోసి గట్టి చేయి. సిమెంటు పాలు పోసెయ్యి."

"పోస్తా. నేల నిలబడిపోతాది. నీ పెండ్లాం ఇప్పుడు యాడుండాదో ఆడనే నిలబడిపోతాది. నీ ఇష్టం."

నేను జొన్నగింజంత కుర్చీ వైపు చూస్తాను. పొద్దుటి మాట అప్పుడే చేరుతుంది: "కాఫీ తాగుతారా?"

"మరి నేనేం చేయాలి?" అని ఉరుకుందమ్మను అడుగుతాను.

"షట్టరు పూర్తిగా దించు. వాడని శుక్రవారాలు దాని వెనకాలనే ఉంటాయి, యాడికీ పోవు. మీరిద్దరూ కలిసి వాడండి. వాడినదాన్ని నేను మన్నులోకి పంపు కొడతా. ఒక్కటే మాట: అమ్మకం జరగగూడదు."

షట్టరు దించుతాను. కింది సగం తుప్పు పట్టి ఉంది. ఇన్నేళ్లూ చుట్టలోనే ఉండిపోయిన పై సగం కొన్న రోజు ఆకుపచ్చ రంగుతో, పెయింటు వాసనతో బయటికి వస్తుంది. షట్టరు నేలకు తాకగానే లోపల తెల్లవారుతుంది. శుక్రవారం పొద్దున ఏడు గంటల ఎండ. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి వరసగా నిలబడి ఉన్నాయి.

నడుముకు ఒక మోకు కట్టుకుని, రెండో కొస గల్లాపెట్టెకు ముడివేసి బయలుదేరతాను. బండల మీద దిగుడు నడక. దారిలో ఆరు గంటలు ఖర్చవుతాయి. మధ్యాహ్నానికి చూడామణి ముందు నిలబడతాను. ఆమె తల ఎత్తకుండా మువ్వ కుడుతూ అడుగుతుంది:

"ఏం కావాల?"

"ఏమీ వద్దు. నేనే."

"మీరా! అంగట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. షట్టరు దించాను."

"సగమేనా?"

"పూర్తిగా."

ఆమె సూది పట్టెడలో గుచ్చి పక్కన పెడుతుంది. నన్ను పైనుంచి కింది దాకా చూస్తుంది. "ఒళ్లు బాగలేదా?" అంటుంది.

విషయం చెబుతాను. ఆమె వెంటనే లేచి బొరుగులు నానేస్తుంది. ఆ శుక్రవారం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో అయిపోతుంది. పైనుంచి ఉరుకుందమ్మ పంపు కొట్టిన చప్పుడు వినిపిస్తుంది. మా కాళ్ల కింద బండ వెంట్రుకవాసి లేస్తుంది. కొట్టులోని మువ్వలన్నీ ఒక్కసారి ఘల్లుమంటాయి.

అక్కడి నుంచి వరసగా వాడతాం. కొన్ని శుక్రవారాలు పడుకుంటాం. కొన్నింటిలో గవ్వలాట ఆడతాం. ఆమె తొండి చేస్తుంది, నేను చూసీ చూడనట్టు ఉంటాను, నేను చేస్తే మాత్రం పట్టుకుంటుంది. పద్నాలుగు శుక్రవారాలు ఆమె తమ్ముడి గురించి పోట్లాడుకుంటాం. అవి చెల్లవేమోనని అడిగితే, పోట్లాట బాగా పట్టిందని, ఇంకో రెండు పంపమని ఉరుకుందమ్మ అరుస్తుంది. ఏ రకానికి నేల ఎంత లేస్తుందో నేను గమనిస్తూనే ఉంటాను. ఇల్లు సర్దుకునే శుక్రవారం తేలిక. ఊరికే కూర్చున్న శుక్రవారం బరువు. ఇద్దరం మంచం మీద వెల్లకిలా పడుకుని దూలాలు లెక్కపెట్టినది అన్నిటికంటే బరువు. దానికి అంగుళంలో మూడో వంతు లేస్తుంది.

దూరం తగ్గుతుంది. మూడు ఫర్లాంగులు. ఒకటి. గల్లాపెట్టె మళ్లీ గల్లాపెట్టె అంత కనిపిస్తుంది.

ఆరువందల పదకొండో శుక్రవారం, ఆమె షట్టరు పక్కన పీట వేసి నాకు తల అంటుతుండగా షట్టరు చప్పుడవుతుంది.

"శెట్టీ! పగ్గం ఒకటి కావాల. ఎద్దు తెంపుకుంది."

పెద్దతుంబళం బసప్ప గొంతు. కొట్టు పెట్టిన నాటి నుంచీ ఖాతాదారు. నా తల మీద నూనె ఉంది, చేతికి అందే దూరంలో పగ్గం ఉంది. ఒక్క పగ్గం. షట్టరు పక్క సందులోంచి జార్చేస్తే ఎవరికీ కనిపించదు.

జారుస్తాను.

నేల దిగిపోతుంది. చూడామణి చేతులు నా తల మీద నుంచి జారతాయి. నూనె గిన్నె, పీట, ఆమె, అన్నీ వాలు వెంట వెనక్కి పోతుంటాయి. "రేపు బియ్యానికి" అని ఆమె మొదలుపెట్టిన మాటలో మిగతాది నా దాకా రాదు. నడుము మోకు విప్పి ఆమె వైపు విసిరి లాగితే ఖాళీగా వస్తుంది. మూడు ఫర్లాంగులు. నాలుగు. అయిదు. మువ్వ ఒక్కటీ మోగదు.

"అమ్మితివి!" ఉరుకుందమ్మ పంపు వదిలేస్తుంది. "నీ చేతులకు దురదా? వాటిని కట్టేసి కూచో పో!"

అయిదు ఫర్లాంగుల అవతల చూడామణి నిలబడే ఉంది. ముఖం కనిపించదు. నూనె చేతులు ముందుకు చాపి, నా తల ఇంకా అక్కడే ఉన్నట్టు నిలబడి ఉంది.

షట్టరు మళ్లీ చప్పుడవుతుంది.

"శెట్టీ, ఈ పగ్గం పొట్టిదైంది. వేరేది ఇయ్యి."

పొడుగు పగ్గం నా పక్కనే మేకుకు వేలాడుతోంది. నా కుడిచేయి దాని వైపు పోతుంది. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుంటాను. పందొమ్మిదేళ్లలో నేను ఏ మనిషితోనూ అనని మాట ఒకటి అంటాను.

"ఈ పొద్దు సెలవు, బసప్పా. ఆ పొట్టిదీ ఇక్కడే పెట్టేసి పో. రేపు రా."

సందులో బసప్ప కన్ను కనిపిస్తుంది.

"సెలవా?" అంటాడు బసప్ప. "నీకా?" తర్వాత పగ్గం సందులోంచి లోపలికి వస్తుంది. "మంచిదప్పా. అయితే నేను కూడా ఇంటికి పోతా. ఎద్దు ఎట్లయినా ఊరు దాటదు."

కొట్టులోని మువ్వలన్నీ మోగుతాయి, అటక మీదవి, పెట్టెల్లోవి, ఇంకా కుట్టనివి కూడా. నేల ఒక్క ఊపున లేస్తుంది. అయిదు ఫర్లాంగులు మడత పడి పదహారు అడుగులవుతాయి. చూడామణి వేగంగా వచ్చి, చాపిన చేతులు సరిగ్గా నా తల మీద ఆనించి, మాట పూర్తి చేస్తుంది: "చెప్పి పంపాల."

మిగిలిన శుక్రవారాలను మేం తొందర పడకుండా వాడతాం. ఆఖరిదాని సాయంత్రం ఉరుకుందమ్మ గొట్టం పట్టి చూస్తుంది. నా కొసలోనూ, చూడామణి కొసలోనూ నీళ్లు ఒకే గీత దగ్గర నిలుస్తాయి.

"నీకేమివ్వాలి?" అంటాను.

"ఒక శుక్రవారం మిగిలించినా. అది నాకియ్యి. నా కింద మాత్రం ఉండేది మన్నే గదా." దాన్ని ఒడిలో కట్టుకుని, నీళ్ల గొట్టం మాకే వదిలి, బెజ్జాలన్నీ పూడ్చి, ఒకటి మాత్రం వదిలిపెట్టి పోతుంది. సరుకు చూడకుండా తీసుకునే మనిషిని కానని ఆమెకు తెలుసు.

నేను బోర్లా పడుకుని ఆ బెజ్జానికి కన్ను ఆనిస్తాను. చూడామణి నా పక్కన పడుకుని, "నన్నూ చూడనీండి" అని భుజంతో నెడుతుంది.

నేల కింద మేమే ఉన్నాం. ఒక్కో శుక్రవారానికి ఒక్కో జంట, వరసలు వరసలుగా, బండలను తల మీద పెట్టుకుని కూర్చున్నాం. ఎవరికీ బరువుగా లేదు. కొందరు గవ్వలాట ఆడుతున్నారు. పద్నాలుగు జంటలు పోట్లాడుకుంటున్నాయి. ఒక చూడామణి పైకి చూసి, నా కన్నును చూసి, తన పక్కనున్న నాతో అంటుంది: "పైవాళ్లు లేచినట్టున్నారు. పోదామా?"

అందరూ ఒక్కసారి లేచి నిలబడతారు. కొట్టు పల్లకీలా భుజాలకు ఎక్కి, బజారులోంచి కదులుతుంది. ఫకీరప్ప అంగడి పక్కకు జరిగి దారి ఇస్తుంది. గొట్టంలో నీళ్లు గీత దాటవు.

చూడామణి బెజ్జం దగ్గర లెక్కపెడుతుంది, నేను కూడుతాను. తొమ్మిదివందల ఎనభై ఏడు జంటలు, పందొమ్మిదివందల డెబ్భై నాలుగు మంది. ఖర్చులన్నీ పోగా మాకు మిగిలినవి మూడువేల తొమ్మిదివందల నలభై ఎనిమిది కాళ్లు. అన్నీ ఒకే అడుగు వేస్తున్నాయి.