నంబరు గీకేసిన పలకలు

ఆరు నెలల్లో ఒక్కటి కూడా చెడిపోలేదంటే దాని అర్థం ఏమిటి?

ఈ ప్రశ్న ఆ రేడియో మెకానిక్‌ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు కరువయ్యాక, పిల్లలు ప్రోగ్రామింగు నేర్చుకోవడానికి అరచేతంత బోర్డు ఒకటి తయారుచేసి దానికి పలక అని పేరు పెట్టుకున్నాడు. మీటలు నొక్కి ఆజ్ఞలను వరుసగా పేరిస్తే, ఆ వరుసలోనే దీపాలు వెలుగుతాయి. ఎంత చిన్న బడి అయినా కొనగలగాలని మూడేళ్లు ఒక్కో భాగంతో కుస్తీ పట్టాడు. పెట్టె తీసేసి అట్ట అంటించాడు. తెర తీసేసి దీపాలు పెట్టాడు. ధర రెండు సుద్దముక్కల పెట్టెల ఖరీదుకు దిగింది. మొదటి ఇరవై పలకలూ చెల్లెలు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడికే వెళ్లాయి. ఒక్కటీ బాగుచేతకు రాకపోతే మొదట్లో మురిసిపోయాడు. ఇప్పుడు అదే లోపల ముల్లులా కదులుతోంది.

చేతిలో టీ సగంలో వదిలేసి బడికి వెళ్లాడు.

చెల్లెలు బీరువా తెరిచింది. ఇరవై పలకలూ కవర్లలోనే ఉన్నాయి. సాయంత్రం బడి కమిటీ కూర్చుంటుందనీ, వాడకం లేదు కాబట్టి వీటిని వాపసు పంపి ప్రోగ్రామింగు పీరియడే ఎత్తేస్తారనీ చెప్పింది.

"పిల్లలకి ఇవ్వనేలేదా అమ్మా?"

"ఎలా ఇవ్వను అన్నయ్యా? ప్రతిదాని వీపు మీదా నంబరు వేసి పంపావు. నంబరున్నదానికి ఏమైనా అయితే సంజాయిషీ రాసేది నేను. నీకేం, మహారాజువి."

అతను ఒక పలక తిప్పి చూశాడు. తెల్లరంగుతో ముచ్చటైన అంకె. ఒకరి రేడియో ఇంకొకరికి పోకుండా వేసే గుర్తు అది. పాత అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే వేసేసింది. ధరను అంత దించినవాడు, భయాన్ని మాత్రం తన చేత్తోనే రాసి పంపాడు. చవక అంటే కొనగలగడం అనుకున్నాడు ఇన్నాళ్లూ. పాడైపోయినా పరవాలేదని అనుకోగలగడం కాదా?

గదిలో ఆ మూలకూ ఈ మూలకూ తిరగసాగాడు.

"కాస్త నిలబడు, గచ్చు అరుగుతోంది," అంది చెల్లెలు.

"సుద్దముక్కలకి నంబర్లు వేస్తారా?"

"వాటికెందుకు? అరిగిపోయేవేగా."

"వీటినీ ఆ లెక్కలోనే రాసుకో. విరిగినవి నాకు పంపు, బాగుచేస్తా. బాగుకాకపోతే వేరేది ఇస్తా. సాయంత్రం కమిటీకి కూడా నేనే చెప్తాను, తప్పు నాదని."

"చిన్నప్పుడు నా బొమ్మలన్నీ విప్పి పారేసినవాడివి, నువ్వా నాకు చెప్పేది," అంటూనే ఆమె స్టాకు రిజిస్టరు తీసి, సుద్దముక్కల కింద ఒక వరుస రాసింది.

అతను సొరుగులోంచి బ్లేడు తీశాడు. మొదటి పలక నంబరు గీకి, పొడి ఊదేసి, అది పట్టుకుని పక్క క్లాసులోకి నడిచాడు. ముందు బెంచీలో కూర్చున్న పాప చేతిలో పెట్టి, మిగతావి గీకడానికి వెనక్కి తిరిగాడు.