పైకప్పు మీద గృహప్రవేశం

చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చినందువల్ల మా అత్తగారూ నేనూ ఇప్పుడు పైకప్పు మీద నిలబడి ఉన్నాం. మా ఆయన బూట్లు విప్పలేదు కాబట్టి నేల మీదే ఉండిపోయారు. ఇక్కడి నుంచి చూస్తే ఆయన మా నెత్తి మీద, ఫ్యాను ఉండాల్సిన చోట, తలకిందులుగా వేలాడుతున్నారు.

ఇది హైదరాబాదులో కళ్ళను మోసం చేసే మ్యూజియం. ఇందులో ఇది తలకిందుల గది. ఒక సంసారపు ఇంటిని మంచం, బల్ల, గ్యాసు పొయ్యి, దేవుడి అలమరతో సహా తిరగేసి పైకప్పుకి బిగించారు. జనం కింద నిలబడి ఫొటో తీయించుకుంటారు. ఆ ఫొటోను తిప్పి చూసుకుంటే తామే పైకప్పు నుంచి వేలాడుతున్నట్టు కనిపిస్తారు. టికెట్టు అంత వరకే.

"పొయ్యి కనిపిస్తోంది, దేవుడు కనిపిస్తున్నాడు. చెప్పులతో ఎలా వెళ్తామమ్మాయ్?" అని అత్తయ్య గుమ్మం ముందు ఆగి చెప్పులు విడిచారు. ఆవిడ విడిచాక నేను వేసుకుని వెళ్ళడం బాగుండదు. నేనూ విడిచాను. లోపల కాలు పెట్టగానే ఇద్దరం, జల్లెడలోంచి పిండి రాలినంత మెల్లగా, పైకి రాలాం.

చీర కుచ్చిళ్ళు చెదరలేదు. ముందు అది చూసుకున్నాను.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న సబిత ఈ గదికి కాపలా. ఆవిడ మా చెప్పులను చూసి, తర్వాత మమ్మల్ని చూస్తుంది.

"ఇడిసిన్రా?" అంటుంది. "చెప్పులను చూసే ఈ గది కింద ఎటో గుర్తుపడతది పెద్దమ్మా. అవి బయటనే ఉంటే దానికెట్ల తెలుస్తది? వేరే దేశపోళ్ళు ఎన్నడు పైకి పోలే. ఇల్లనుకొని ఇడిసేది మనోళ్ళే."

"బూట్లు విప్పడానికి బద్ధకించి బతికిపోయాను," అంటారు మా ఆయన.

"నీ బద్ధకం నిన్ను కాపాడటం ఇది మొదటిసారేం కాదులేరా," అంటారు అత్తయ్య.

అంటూనే నడుస్తున్నారు. మంచం నుంచి బల్ల దాకా, బల్ల నుంచి పొయ్యి దాకా, ఏ గోడా పట్టుకోకుండా నడుస్తున్నారు. పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి, చిన్న పరుగు లాంటిది తీసి, నేను చూస్తున్నానని గమనించి ఆగిపోతారు.

"అమ్మాయ్, నొప్పులు నాతో రాలేదు," అంటారు.

తలెత్తి చూస్తాం. అత్తయ్య మోకాళ్ళ నొప్పులు రెండూ నేల మీదే, మా ఆయన బూట్ల పక్కన ఉన్నాయి. బూడిద రంగులో, పిల్లుల్లా ముడుచుకుని పడుకున్నాయి. చెవులు లేవు. ఎడమ కాలిది కొంచెం పెద్దది. డాక్టరు కూడా ఎడమదే ముదిరిందన్నారు.

ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ అత్తయ్య చూసినవి మా బ్యాగులే. మేము గోల్కొండ ఎక్కుతుంటే ఆవిడ కింద అరుగు మీద కూర్చుని బ్యాగులు చూశారు. చార్మినార్ మెట్ల దగ్గర బ్యాగులు చూశారు. గాజుల కొట్టు మేడ మీద ఉంటే, కింద స్టూలు వేయించుకుని బ్యాగులు చూశారు. ఊరెలా ఉందమ్మా అని మా ఆడపడుచు ఫోనులో అడిగితే, "బ్యాగులు బాగానే ఉన్నాయే," అన్నారు.

మా ఆయన ఫొటో తీస్తున్న సెల్‌ఫోను ఒక చేత్తో పట్టుకునే వంగి, ఒక నొప్పిని రెండో చేత్తో ఎత్తబోతారు. అది లేవదు. సెల్‌ఫోను కింద పెట్టి, ఆ చెయ్యి కూడా వేసి, రుబ్బురోటి పొత్రాన్ని ఎత్తినట్టు మూలుగుతూ గుండెల దాకా తెస్తారు. వెంటనే ఆయన మోకాళ్ళు వంగిపోతాయి. నేల మీద కూలబడతారు.

"అమ్మా! ఇంత బరువా?"

"అది కుడిదిరా. చిన్నది."

"ఇది మోసుకుంటూ రోజూ మన మెట్లు ఎక్కుతున్నావా? నాకు చెప్పవేం?"

"చెప్పానుగా. జండూబామ్ రాసుకోమన్నావు."

మా ఆయన సెల్‌ఫోను తీసి జేబులో పెట్టేస్తారు. నొప్పిని జాగ్రత్తగా దాని జత పక్కన పడుకోబెడతారు.

సబిత గడియారం చూసుకుంటుంది. "పెద్దమ్మా, షట్టర్ ఏసే యాళ్ళయింది. చెప్పులు అందిస్త, తొడుక్కోన్రి. తొడుక్కుంటే దిగుతరు."

"దిగితే అవి మళ్ళీ ఎక్కుతాయా?" అత్తయ్య నొప్పులను చూపిస్తారు.

"ఎవరియి వాళ్ళకు ఎక్కుతయి. మంది సామాను మేం ఉంచుకోం."

అత్తయ్య మంచం మీద కూర్చుంటారు. లేస్తారు. మళ్ళీ కూర్చుంటారు. చేతి సాయం లేకుండా లేవడంలో ఉన్న రుచి ఆవిడకు పోవడం లేదు. "అయితే ఈ ఇల్లు మాకు ఇస్తారేమో కనుక్కో అమ్మాయ్," అంటారు.

"అద్దెకియ్యం," అంటుంది సబిత. "కానీ పాలు పొంగిస్తే ఇల్లు మీదే. గృహప్రవేశం చేసుకున్నోళ్ళను ఎల్లగొట్టొద్దు. మ్యూజియం పెద్దసారు గట్లనే చెప్పిండు. ఇప్పటిదాంక ఎవ్వరు పొంగియ్యలే."

"ఏం?"

"మ్యూజియంకు పాలు ఎవరు పట్టుకొస్తరు పెద్దమ్మా?"

అత్తయ్య సబిత కుర్చీ పక్కనున్న టీ గ్లాసును చూస్తారు. "నీ టీకి పాలెక్కడివి తల్లీ?"

సబిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "నువ్వు గట్టిదానివే," అంటూ కుర్చీ కింది సంచిలోంచి పాలప్యాకెట్టు తీసి పైకి విసురుతుంది. ప్యాకెట్టు గది మధ్య దాకా వచ్చి, ఎటు పడాలో తేల్చుకోలేక కాసేపు నిలబడి, చివరకు నా చేతుల్లో పడుతుంది. చల్లగా ఉంది. తేదీ ఇవాళ్టిదే.

"అమ్మా, రేపు మన రైలు," అంటారు మా ఆయన. "నువ్వు ఇక్కడ ఉండిపోతే ఎలా?"

"మీరు వెళ్ళండి. అప్పుడప్పుడు చెప్పులు విడిచి వస్తూ ఉండండి."

అత్తయ్య పొయ్యిని కొంగుతో తుడుస్తారు. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే కుంకుమ భరిణె అడిగి తీసుకుని, పొయ్యికి బొట్టు పెడతారు, గిన్నెకు బొట్టు పెడతారు. గిన్నె బల్లకు అతికించి ఉంది గానీ ఆవిడ అడగగానే ఊడి వస్తుంది.

"తూర్పు ఎటమ్మా?"

"ఈ గదికి తూర్పు పెట్టలే పెద్దమ్మా. పెడతమని చెప్పి రెండేండ్లాయె."

"పోనీలే. పాలకు తెలుస్తుంది."

నా చేతిలోని పాలు గిన్నెలో పోసి, పొయ్యి వెలిగిస్తారు. తర్వాత నేను ఎన్నడూ చూడని పని ఒకటి చేస్తారు. పొయ్యి ముందు పైకప్పు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ పీట మీది నుంచి కుర్చీకి మారిపోయారు. ఇప్పుడు రెండు మోకాళ్ళనూ రెండు అరచేతులతో మూసి, పిల్లల్ని జోకొట్టినట్టు తట్టుకుంటున్నారు.

పాల విషయంలో నాకొక పేరుంది. నా చేతి కింద పాలు ఒక్కసారి కూడా పొంగి పొయ్యి మీద పడలేదు. ముందు గిన్నె అంచున చిన్న బుడగలు వస్తాయి. తర్వాత మీగడ ముడతలు పడుతుంది. తర్వాత నడిమధ్య ఒక ఊపిరి లేస్తుంది. ఆ ఊపిరికి నా చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్తుంది. పక్కింటివాళ్ళు కూడా పాలు పొయ్యి మీద పెట్టి నన్ను చూడమని బజారుకు వెళ్తుంటారు.

అంచున బుడగలు వచ్చాయి.

"వసుధా, కట్టెయ్," అంటారు మా ఆయన, మెడ సాచి. "నీకు కుదురుతుంది. నువ్వొక్కదానివే కట్టగలవు. అమ్మ లేకుండా ఇంటికి ఎలా పోతాం?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అత్తయ్య లేకపోతే నా చారులో ఉప్పు ఎక్కువైందని మా ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆయన ఏం పెట్టినా బాగుందంటారు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, నేను సర్దిన డబ్బాలను మళ్ళీ సర్ది, "నేనేం ముట్టుకోలేదమ్మాయ్," అనేవాళ్ళు ఉండరు. అలాంటి వంటింట్లో నేను ఒంటరిగా నిలబడి ఉండటం నాకు కనిపిస్తుంది. అందులో డబ్బాలన్నీ పెట్టినచోటే ఉన్నాయి.

మీగడ ముడతలు పడింది.

నా చెయ్యి మీట మీద ఉంది. నేను పంపలేదు.

అత్తయ్య ఆ చేతిని చూస్తారు. "నువ్వు ఏం చేసినా నేనేం అనుకోనమ్మాయ్," అంటారు. "కట్టేస్తే దిగుతాను. మళ్ళీ బ్యాగులు చూస్తాను. కానీ ఒక్కసారి ఇటు చూడు. ఎంత బాగా కూర్చున్నానో."

చూస్తాను. నిజంగానే బాగా కూర్చున్నారు. వీపు నిటారుగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుంటాను. దాన్ని నమ్మలేక కొంగులో చుట్టి, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటాను.

మధ్యలో ఊపిరి లేస్తుంది. పాలు పొంగుతాయి. అవి గిన్నె పక్కలకు జారవు. తెల్లటి స్తంభంలా నిటారుగా లేచి, గది మధ్య దాటి, అక్కడి నుంచి వానలా నేల మీద పడతాయి. మా ఆయన బూట్ల చుట్టూ నురగ పరుచుకుంటుంది. నొప్పులు రెండూ నిద్ర లేచి, ముక్కులు లేకుండానే వాసన పట్టి, పాలు నాకడం మొదలుపెడతాయి. గుటక గుటకకూ తేలికవుతాయి. ఎడమది చివరి చుక్క దాకా తాగి, బూరుగు దూదిలా లేచి, కుడిదాన్ని వెంటబెట్టుకుని కిటికీలోంచి వెళ్ళిపోతుంది.

సబిత కుర్చీలోంచి లేచి, పైకీ కిందికీ చూస్తుంది.

"రెండు దిక్కుల పొంగినయి," అంటుంది. "పైన నీ ఇల్లే, కింద నీ ఇల్లే. ఇగ ఎట్లనన్న నడువు పెద్దమ్మా. పాలు యాడిదాంక పోతే ఆడిదాంక నీదే."

మా ఆయన కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతారు. తల్లి ఇల్లు కాబట్టి ఇప్పుడు విప్పక తప్పదు. రెండో బూటును కూడా గుమ్మం బయటికి విసరగానే గిరగిరా తిరిగి వచ్చి మంచం మీద వెల్లకిలా పడతారు. అత్తయ్య ఆయన నుదురు తడిమి చూసి, "సాక్సు కూడా విప్పరా. గృహప్రవేశం నాడు ఆ వాసనేవిటి?" అంటారు. ముగ్గురం నవ్వుతాం. సబిత కింద నుంచి నవ్వుతుంది. ఆవిడ నవ్వు గది మధ్య దాకా వచ్చి కాసేపు ఆగి, మా మీద పడుతుంది.

పాలు ఆగలేదు. ఒక్క ప్యాకెట్టు పాలు మ్యూజియంలోని అద్దాల వసారా నింపి, మెట్లు దిగి, రోడ్డెక్కుతాయి. మేము వాటి వెంట వెళ్తాం. అత్తయ్య అందరికంటే ముందు ఉన్నారు. కాసేపు గోడ మీద, కాసేపు నేల మీద, కాసేపు దుకాణాల చూరు అడుగున నడుస్తారు. ఎటు తోస్తే అటు నడుస్తారు. ఎండ ఇంకా పసుపుగా ఉంది. పాలు మెట్రో స్తంభాలు ఎక్కుతాయి, చెరువు గట్టు చుట్టి వస్తాయి. వంతెన అడుగున తలకిందులుగా నడుస్తూ అత్తయ్య వేలితో కాంక్రీటు రుద్ది చూస్తారు.

"ఎంత దుమ్మో చూడమ్మాయ్. మన ఇల్లు ఇలా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"రేపు దులుపుదాం అత్తయ్యా."

"రేపు సరే. ఇవాళ భోజనాల సంగతేంటి? పాలు పొంగించి ఎవరికీ ఇంత పెట్టకపోతే అది గృహప్రవేశమేనా?"

ఆ మాట మేడలు వింటాయి. ముందుగా ఇరవై అంతస్తుల మేడ ఒకటి మోకాళ్ళు వంచి రోడ్డు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. దాని బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కదలవు. లోపల ఒకావిడ టీవీ చూస్తూనే ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి, బారుగా కూర్చుంటాయి. అలవాటు లేక వాటి కీళ్ళు పటపటమంటాయి. ఆలస్యంగా వచ్చిన పొట్టి మేడకు మిగతావి జరిగి చోటిస్తాయి. కూడలిలో సిగ్నళ్ళన్నీ ఒకేసారి పచ్చగా వెలుగుతాయి. ఆ పచ్చదనం జారి, అరిటాకుల్లా వాటి ముందు పరుచుకుంటుంది.

మా ఆయన నీళ్ళు చల్లుకుంటూ వెళ్తారు. నేను వడ్డించే గోకర్ణం గిన్నె పట్టుకుంటాను. ముందు తీపి వడ్డించాలి. అత్తయ్య పడమటి మబ్బు ఒకదాన్ని గరిటెతో తీసి, రుచి చూసి, తల ఊపి, ఆకాశం అడుగున చకచకా నడుస్తూ ఆకు ఆకుకీ వంగి వడ్డిస్తారు. "మొహమాటపడకండి," అంటారు ఒక్కొక్క మేడతోనూ. బంతి చివర కూర్చున్న అద్దాల మేడ ఇక చాలని ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతుంది. అత్తయ్య మోకాళ్ళు వంచి, ఆ వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటెడు మబ్బు వడ్డిస్తారు.