చెవి వెనక తెల్లగీతలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా పాప నిద్రలోనే ఊపిరి ఆపేస్తాదని. మా అక్క కొడుకు అట్లనే పోయినాడు. పాలు తాగి ఉయ్యాల్లో పడుకున్నోడు మళ్లీ లేవలేదు. మా లోకేశ్వరికి ఇప్పుడు ఏడో నెల. కన్ను మూస్తే చాలు, ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను.

తొమ్మిదో తరగతితో బడి మానేసినాను. తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్లో ఊడ్చి తుడిచే పని నాది. పాపను తిరుచానూరులో మా పక్కింటి గంగులమ్మత్త దగ్గర వదిలి వస్తాను. మంచిదే, కానీ చెవుడు. పూలు కడతా కూర్చుంటే లోకం తెలీదు.

ఈ ఆదివారం ఆరింటికే రమ్మన్నారు. రోగులు రాకముందే యూనివర్సిటీ నించి స్టెల్లా మేడమ్ పెట్టెలు తెచ్చింది. పెట్టెల్లో పుర్రెలు! తవ్వకాల్లో దొరికినవంట, వేల ఏండ్లవి.

"ఆడమనిషో మగమనిషో కొలిచి చూస్తాం కోమలీ. నీ చెవి వెనక తడుము, బొడిపె ఉంటుంది. మగవాళ్లకు అది పెద్దది, ఆడవాళ్లకు చిన్నది."

తడుముకున్నాను. "చిన్నపిల్లలకు మేడమ్?"

"వాళ్లది చెప్పలేం. ఎముక ఇంకా తేలదు."

స్కాన్ తీసే బాలచంద్రన్న మొదటి పుర్రెను బల్ల మీద పెట్టినాడు. అది పక్కకు దొర్లబోయింది. మేడమ్ కేక పెట్టింది. నా సంచిలో పాప చుట్టకుదురు ఉండాది. తల చప్పిడి పడకుండా పాత చీర చుట్టి తల కింద పెట్టేది, పొద్దున తొందరలో అత్తకు ఇవ్వడం మరిచినాను. అదే తీసి ఇచ్చినాను. పుర్రె దాంట్లో చక్కగా కూర్చుంది.

అందరం బయటికొచ్చి తలుపు మూసినాము. మిషన్ తనంతట తానే, "ఊపిరి బిగబట్టండి," అనింది.

"బిగబట్టి వేల ఏండ్లయిందిలే తల్లీ," అని బాలచంద్రన్న నవ్వినాడు. మేడమ్ కూడా నవ్వింది. నేను మాత్రం ఊపిరి బిగబట్టినాను.

బొమ్మ వచ్చింది. చెవి వెనక, సరిగ్గా కొలిచే చోట, చీపురు పుల్లలు పరిచినట్టు తెల్లగీతలు.

"మిషన్ చెడిపోయిందా ఏంది? ఓనరు నన్ను బతకనీడు," అన్నాడు బాలచంద్రన్న.

ఒంటి మీద ఇనుము ఉంటే బొమ్మలో గీతలు పడతాయని అన్న రోగులకు రోజూ చెప్తాడు. అప్పుడు గుర్తొచ్చింది. గాలి సోకకుండా అత్త ఆ కుదురులో ఇనుప ముక్క పెట్టి కుట్టింది.

"అన్నా, దాంట్లో ఇనుము ఉండాది."

"ఏమ్మే, పుర్రెకు దిష్టి తగుల్తాదని పెట్టినావా?"

మేడమ్ కోప్పడలేదు. కుట్టు విప్పి చూసింది. అరిగిపోయిన ఎద్దు లాడం ముక్క. దాన్ని నా చేతిలో పెట్టి, "మళ్లీ తీద్దాం. పదిలోపల అన్నీ అయిపోవాలి. నువ్వు ఇక్కడే ఉండి అందించు," అనింది.

ఎనిమిదికి పోతానని ముందే చెప్పుకొని ఉన్నాను. ఆలస్యం నా వల్లే అయింది, ఇంక ఏ మొగం పెట్టుకొని అడిగేది?

ఈసారి గీతల్లేవు. బొడిపె చిన్నది. "ఆడమనిషే అయి ఉండొచ్చు, ఇరవై పైన వయసు," అనింది మేడమ్. నా వయసే. ఆమెకు బిడ్డలున్నారో ఏమో అనుకుంటా పుర్రెను పెట్టెలో సర్దినాను.

ఇంకా నాలుగు పెట్టెలు ఉండాయి. అత్తకు ఆరుసార్లు ఫోన్ చేసినాను, ఎత్తలేదు. మా ఆయన మామిడికాయల లోడు ఎత్తుకొని మద్రాసు పోయినాడు. పాప తల కింద ఈ పొద్దు కుదురు లేదు, ఇనుము లేదు. ఇనుము ఊపిరి కాస్తాదా అని మీరు నవ్వుతారు. నవ్వండి. పెట్టెకూ పెట్టెకూ నడుమ, బయట బల్ల మీద కూర్చొని అపాయింట్‌మెంట్ చీటీల వెనక ఇది రాస్తా ఉండాను.

మీలో ఎవరైనా తిరుచానూరు దిక్కు పోతా ఉంటే, పూలంగళ్ల వెనక సందులో మూడో ఇల్లు, నీలం తలుపు. తలుపు కొట్టొద్దండి, పాప లేస్తాది. కిటికీలోంచి చూడండి. కడుపు పైకీ కిందికీ ఆడతా ఉండాదా, అదొక్కటి చూసి, ఈ చీటీ ముందరుండే సెంటరు నంబరుకు నాకు ఫోన్ చేయండి.