భుజం రాసిన అంకె

తుపాకుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఒక్కటే. కొత్త రైఫిల్‌ని భుజానికి ఆనించి కాల్చడం, అది వెనక్కి ఎంత గట్టిగా తన్నిందో పదికి ఇన్ని మార్కులని రిజిస్టర్‌లో రాయడం.

ఐదు పాయింట్ ఐదు ఆరు తూటా తుపాకీ చిన్నది, భుజం తట్టి ఊరుకుంటుంది. ఏడు పాయింట్ ఆరు రెండు గుద్దుతుంది. పన్నెండు పాయింట్ ఏడు ఉంది చూశారూ, అది పళ్లు కదిలేలా తన్నుతుంది. ఈ మూడింటికీ ఆయన వేసిన మార్కులు ఒకటి, రెండు, మూడు. నాలుగు వేసినవాడు మగాడే కాదని ఆ షెడ్డులో ఒక పిచ్చి పౌరుషం. దాన్ని పెంచి పోషించిన పెద్దమనిషి ఈయనే.

ఇప్పుడు కుడిచెయ్యి చొక్కా పై గుండీ దాకా కూడా లేవడం లేదు. పని వల్లే భుజం పోయిందని ఫ్యాక్టరీ డాక్టరమ్మ రాస్తే స్టోర్సులో కూర్చునే పని ఇస్తారు. రాయకపోతే ఇంటికే.

డాక్టరమ్మ పాత రిజిస్టర్లన్నీ తిరగేసింది. "పెద్దదానికి కూడా మూడే వేశారు. మూడు మార్కుల దెబ్బకి భుజం ఇలా అయిపోతుందా?"

"తప్పు రాశానమ్మా. పరువు కోసం తగ్గించి రాశాను."

"మాట చాలదండీ, కాగితం కావాలి. ఎక్కువ వేసినవాళ్లు ఒక్కరైనా లేరా?"

ఉండేవాడు. ఆయన భార్య తమ్ముడు. రెండేళ్ల క్రితం పోయాడు. పదకొండేళ్ల కిందట బావే పట్టుబట్టి షెడ్డులో చేర్పించాడు. మొదటిరోజే పెద్దదాన్ని కాల్చి, "బావా, ఎముక కదిలిపోయింది. తొమ్మిది వేస్తున్నా" అన్నాడు ఆ అమాయకుడు. షెడ్డంతా పడీపడీ నవ్వింది. 'దూదిబస్తా' అని పేరు పెట్టింది బావే. నెల తిరక్కుండా వాడి ఉద్యోగం ఊడింది.

గత్యంతరం లేక ఆయన ఆ సంవత్సరం చెప్పాడు. డాక్టరమ్మ పేజీ వెతికి పట్టుకుంది. "తొమ్మిది! దొరికింది" అని, కింది వాక్యం పైకి చదివింది. "'తుపాకీలో దోషం లేదు. ఇతను పిరికివాడు, అబద్ధం చెబుతున్నాడు. తొలగించండి.' ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

ఆవిడ కలం పక్కన పెట్టింది. "అప్పుడు మీరు రాసింది నిజమైతే మీ భుజం పోయింది పని వల్ల కాదు. అబద్ధమైతే దొంగ రికార్డు రాసినందుకు మిమ్మల్ని తీసేస్తారు. ఏం రాయమంటారు?"

ఎటు చూసినా ఉద్యోగం దక్కదు. ఆయనకు ఏడుపొచ్చింది. "అబద్ధమనే రాయండమ్మా. వాడి మీద పడ్డ మచ్చ అయినా పోతుంది."

ఇంటికొచ్చి భార్యకు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఉద్యోగం పోతుందన్న సంగతి ఆమె పట్టించుకోలేదు.

"ఈ ముక్క మా తమ్ముడు బతికుండగా ఒక్కసారి అనలేకపోయారా?" అంది.