సోమవారం ఊపిరి

"కాస్త మెల్లగా ఊపిరి తీసుకో, వార్తలు వినపడటం లేదు" అన్నాడు మా ఆయన.

ఆదివారం సాయంత్రం. ఆయన సోఫాలో, నేను కింద నేల మీద, నా ముందు ఆరిన బట్టల గుట్ట. శబ్దం పెంచే రిమోట్ ఆయన చేతిలోనే ఉంది. అయినా తగ్గాల్సింది నేనే. నోరు మూసుకుని ముక్కుతో సన్నగా, దొంగతనం చేస్తున్నట్టు గాలి పీల్చుకున్నాను. గొంతు దిగువన ఎక్కడో పిల్లి కూనలా ఈల వినిపిస్తూనే ఉంది. "ఆ కూత ఏంటో డాక్టర్లకి చూపించుకోవచ్చుగా, వాళ్ళ మధ్యేగా ఉంటావు" అన్నారు అత్తగారు, తన దుప్పటి మడత సరిగ్గా రాలేదని మళ్ళీ నా ఒళ్ళోకి విసురుతూ.

నా ఉద్యోగం మనుషుల చేత ఊదించడం. ఛాతీ ఆస్పత్రిలో ఊపిరి పరీక్షల గది నాది. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టించి, "నిండా పీల్చండి, ఇంకా, ఇంకా, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఆపకండి, లోపల ఇంకా ఉంది, ఊదండి" అని పక్కనే నిలబడి అరవాలి. అరవకపోతే జనం సగంలో వదిలేస్తారు. వరండాలో కూర్చున్నవాళ్ళకి నేనెవరినో కొడుతున్నట్టు వినిపిస్తుందట. అక్కడ నా పేరు ఎవరికీ గుర్తుండదు, అందరికీ నేను ఊదండి మేడమ్‌ని. పరీక్షయ్యాక ఊపిరి తీసుకోవడమూ నేర్పిస్తాను. చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి, లేవాల్సింది భుజాలు కాదు, పొట్ట. ముక్కుతో పీల్చండి. పెదాలు సన్నం చేసి, వేడి టీ మీద ఊదినట్టు, పీల్చినదానికి రెండింతల సేపు వదలండి. కాసేపు అలా చేస్తే గుండె దడ తగ్గుతుంది, బిగుసుకున్న మెడ వదులవుతుంది, బుర్రలో కంగారు దిగుతుంది. ఇలా రోజుకి ఇరవై మందికి చెప్తాను. చెప్పేటప్పుడు చేసి చూపించాలి కాబట్టి, రోజు మొత్తంలో నేను పొట్ట నిండా ఊపిరి తీసుకునేది ఆ ఇరవైసార్లే.

ఇంట్లో నా ఊపిరి మీద అందరికీ అభిప్రాయాలున్నాయి. పెళ్ళయిన కొత్తలో, గిన్నెలన్నీ తోమి నడుం నిటారుగా ఎత్తి ఒక్క నిట్టూర్పు విడిచానంతే, హాల్లోంచి అత్తగారు "ఏమైందని ఆ మూలుగు, ఇక్కడేమన్నా కొండలు మోయిస్తున్నామా" అన్నారు. మా ఆయనది ఒకటే మాట. "మొదలెట్టావా." ఏం మొదలెట్టానో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. నిట్టూర్పు వస్తుందనిపిస్తే కుళాయి తిప్పడం నేర్చుకున్నాను. నీళ్ళ చప్పుడులో ఏదైనా కలిసిపోతుంది. సాయంత్రం మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినగానే ఊపిరి బిగబట్టడం ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు. తాళం చెవి తిప్పే తీరును బట్టి ఈ రోజు మూడ్ ఎలా ఉందో తెలిశాక వదిలేదాన్ని. భయపడితే ఊపిరి పైపైనే ఆడుతుందనీ, పైపైన ఆడే ఊపిరి ఒంటిని ఇంకా భయపెడుతుందనీ ఎందరికో చెప్పినదాన్ని, ఇరవై రెండేళ్ళుగా గొంతు దగ్గరే గాలి ఆడిస్తూ బతికాను.

రెండేళ్ళుగా మూడంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. "లావయ్యావు" అన్నాడు మా ఆయన. "వయసు మీద పడుతోంది" అన్నారు అత్తగారు. ఇద్దరి మాటా నమ్మాను. ఇతరుల రొమ్ములో పిల్లికూత గుమ్మం దగ్గరే పసిగట్టే చెవులు నావి, నా దాకా వచ్చేసరికి మొద్దుబారాయి. మా హాల్లో కిటికీలు తీయం, గాలి తగిలితే అత్తగారికి పడదు. మూసిన ఆ హాల్లోనే ఆయన సిగరెట్లు. మామూలు రోజుల్లో సాయంత్రం నుంచి, ఆదివారమైతే పొద్దున్న లేచింది మొదలు. అత్తగారు దగ్గుతారు, చలి పడలేదంటారు. ఒకసారి నేను, "బాల్కనీలో తాగొచ్చు కదండీ" అన్నాను. "నా ఇంట్లోంచి నేనే బయటికి పోవాలా?" అన్నాడు. "సంపాదించి అలిసొచ్చినవాడు, ఆ ఒక్క సుఖం కూడా నీ కళ్ళలో పడిందా" అన్నారు అత్తగారు. నేను కూడా సంపాదించి, అలిసే వచ్చానని ఆవిడకి చెప్పడానికి ఆ రోజు ఊపిరి చాల్లేదు.

పోయినేడు ఉద్యోగుల ఇంట్లోవాళ్ళకి ఆస్పత్రిలో ఉచిత పరీక్షలు పెట్టారు. మా ఆయనకి నేనే చేశాను. ఊదండి, ఊదండి, ఆపకండి అని ఆయన చెవి పక్కన అరిచాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆయన మీద అరిచిందీ, ఆయన నేను చెప్పినట్టు చేసిందీ ఆ ఆరు సెకన్లే. ఆ వయసుకి ఉండాల్సిన ఊపిరి నూరనుకుంటే, ఆయనకి నూట నాలుగు వచ్చింది. రోజుకో పెట్టె తాగే మనిషికి. "ఇప్పటికి తప్పించుకున్నాడు, అంతే" అన్నారు మా డాక్టరమ్మ. ఆ మాట ఇంట్లో చెప్పాను, ఎవరూ వినలేదు. కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాడు. పాలు తీసిన ప్రతిసారీ ఆ నూట నాలుగు నన్నే చూస్తుంది.

ఊపిరి మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు సోమవారం పొద్దున్న, శుక్రవారం సాయంత్రం అందులో ఊదాలి. మనిషి అదే, ఊపిరి అదే కాబట్టి అంకె పెద్దగా మారకూడదు. బాగా మారితే మిషన్‌లో తేడా ఉన్నట్టు. తొమ్మిదేళ్ళుగా మా ఆస్పత్రిలో ఆ ఆరోగ్యంగా ఉన్న మనిషిని నేనే. మొదటి సెకనులో వదిలే గాలి రెండు లీటర్ల ఆరువందల మిల్లీలీటర్లు ఉండేది. ఈ మధ్య తగ్గుతూ వస్తోంది. ఆ రిజిస్టరు రాసేది నేనే, మూసేదీ నేనే, ఇంకెవరూ తెరవరు. ఇవాళ నిద్ర చాల్లేదు, ఇవాళ సరిగ్గా ఊదలేదు అని ఏదో ఒకటి సరిపెట్టుకుంటూ వచ్చాను. ఈ సోమవారం మాత్రం మూడుసార్లు ఊదినా ఒక లీటరు ఎనిమిది వందలు దాటలేదు. మిషన్ పాడైందని ఫోన్ చేశాను.

మధ్యాహ్నానికల్లా మిషన్ల ఇంజనీరు వచ్చేశాడు. నాకు ఆయాసంగా ఉందంటే రెండేళ్ళలో ఇంట్లో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. మిషన్‌కి ఒంట్లో బాగాలేదంటే మూడు గంటల్లో మనిషి పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సరిగ్గా మూడు లీటర్ల గాలి పట్టే పెద్ద సిరంజి తీసి, గొట్టానికి తగిలించి, మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ మూడు లీటర్లే చూపించింది.

"మిషన్ బంగారంలా ఉందమ్మా. ఆ ఊదిన మనిషెవరో డాక్టరుకి చూపించుకోమనండి" అన్నాడు పెట్టె మూస్తూ.

"చెప్తానండీ" అన్నాను.

రిజిస్టరు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, మాట తక్కువ, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు. నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదించారు. మూడు వందలు పెరిగింది. మందుకి అలా పెరిగితే ఆస్తమా అన్నమాట. ఆ తర్వాత రిజిస్టరు వెనక్కి తిప్పుతూ సోమవారాల కింద ఒక గీత, శుక్రవారాల పక్కన ఒక టిక్కు పెట్టుకుంటూ పోయారు.

"సోమవారం ఎప్పుడూ తక్కువే. శుక్రవారానికి కాస్త లేస్తోంది. మరి ఇదేంటమ్మా, ఏప్రిల్‌లో రెండు వారాలు? రెండు లీటర్ల వంద, రెండు లీటర్ల రెండొందలు, రెండున్నర దాకా వెళ్ళిందే. ఏం చేశావప్పుడు?"

"ఏమీ చేయలేదండీ."

నిజంగానే ఏమీ చేయలేదు. ఆ రెండు వారాలు మా ఆయనా, అత్తగారూ మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. నేను కిటికీలు తెరుచుకుని, ఒక పళ్ళెం తోముకుని పడుకున్నాను. రెండోరోజు సింకు దగ్గర ఒక నిట్టూర్పు వచ్చింది, అలవాటుగా చెయ్యి కుళాయి మీదికి వెళ్ళింది. ఎవరూ లేరని గుర్తొచ్చి కుళాయి వదిలేసి, పెద్దగా నిట్టూర్చాను. మళ్ళీ నిట్టూర్చాను. అదంతా చెప్పాలంటే సిగ్గేసి, "ఇంట్లో వాళ్ళు ఊళ్ళో లేరండీ" అని మాత్రం అన్నాను.

డాక్టరమ్మ పెన్సిలు బల్ల మీద పెట్టారు. "పిండిమర వాళ్ళకీ, రంగుల ఫ్యాక్టరీ వాళ్ళకీ మనం ఏం చూస్తాం?"

నాకు కంఠతా వచ్చు. సెలవుల్లో బాగుపడి, పనిలోకి వెళ్ళగానే చెడితే జబ్బు పనిచేసే చోట ఉన్నట్టు. ఆమె సలహా చెప్తారు, నేను ఫారంలో రాస్తాను, వాళ్ళకి చదివి వినిపిస్తాను. చోటు మారితే బతికేదెలా మేడమ్ అంటారు వాళ్ళు. ఊపిరుంటే కదండీ బతికేది అని తేలిగ్గా అనేసి తర్వాతి మనిషిని పిలుస్తాను. పోయిన వారం పిండిమర మనిషితో కూడా అలాగే అన్నాను. అతను నా వైపు చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది.

"పైన స్టాఫ్ గది ఇంకా ఖాళీగానే ఉంది" అన్నారు డాక్టరమ్మ మందులు రాస్తూ. మూడేళ్ళ కింద ఆ గది ఇస్తామంటే, మాకు సొంత ఇల్లుందండీ అని గొప్పగా వద్దన్నాను. "ఆలోచించుకో. రేపు నీ ఫారం కూడా నింపి తీసుకురా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇన్‌హేలర్ టీపాయ్ మీద పెట్టి అంతా చెప్పాను. ఆస్తమా అన్నాను. పొగ వల్లే పెరుగుతోందన్నాను. కిటికీ తీద్దామని, సిగరెట్ బయట తాగమని బతిమాలాను. అవును, బతిమాలాను.

మా ఆయన ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించాడు. "తాగేవాడికి లేని రోగం పక్కనున్నదానికి వస్తుందా? రోజంతా రోగుల నోటి ముందు నిలబడతావు, అక్కడే తగిలించుకున్నావు. ఉద్యోగం మానెయ్, ఇంటిపట్టున ఉంటే అదే పోతుంది."

"నేనూ అదే అనుకుంటున్నా. ఎన్నాళ్ళనీ ఈ తిరుగుడు" అన్నారు అత్తగారు, దగ్గుతూ.

నాకు కోపం రాలేదు. భయమేసింది. ఈ మాట విని నేను మానేస్తానేమో అని భయం. ఇన్నాళ్ళూ ఏది వదులుకోమంటే అది వదులుకున్నదాన్ని, ఇదీ వదిలేస్తానేమో, రోజుకి ఇరవైసార్లు తీసుకునే ఆ ఊపిరి కూడా. ఆయన ఇంకో సిగరెట్ వెలిగించాడు. నేను లేచి వెళ్ళి కిటికీ తీశాను. "అమ్మకి పడదని తెలీదా" అంటూ వచ్చి ఆయన మూసేశాడు. అంతే, ఇంకేం గొడవ జరగలేదు. అన్నం వండి, ఇద్దరికీ పెట్టాను. గిన్నెలు తోముతూ సింకు దగ్గర నిట్టూర్పు వచ్చినప్పుడు కుళాయి కట్టేసి, హాల్లోకి వినపడేటట్టు విడిచాను.

"మొదలెట్టావా" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

ఈ రోజు మంగళవారం. పొద్దున్నే నా గదిలో కూర్చుని, తొమ్మిదేళ్ళుగా ఇతరులకి నింపిన ఫారం నాకు నింపుకున్నాను. వయసు నలభై ఆరు. పొగ తాగే అలవాటుందా అన్నచోట, తాగను, తాగిస్తారు అని రాశాను. పనిచేసే చోటు దగ్గర అలవాటుగా ఆస్పత్రి పేరు మొదలెట్టి, కొట్టేసి, ఇల్లు అని రాశాను. ఎన్నేళ్ళుగా అంటే ఇరవై రెండు. రోజుకి ఎన్ని గంటలు అంటే పదహారు. వారానికి ఎన్ని సెలవులు అంటే సున్నా.

అడుగున సలహా గడి ఒకటి మిగిలింది. అది డాక్టరమ్మ చెప్తే రాయాల్సింది. కానీ ఇలాంటివాళ్ళకి ఆమె ఏం చెప్తారో నాకు తెలుసు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నిండా ఒక ఊపిరి తీసుకుని, పిండిమర మనిషికి రాసిన మాటే రాశాను. చోటు మార్చాలి.

డాక్టరమ్మ మొత్తం చదివారు. చోటు మారితే బతికేదెలా అని నేనడుగుతానేమోనని ఒక నిమిషం చూశారు. నేనడగలేదు. ఆమె సంతకం పెట్టి, సొరుగు తెరిచి, పై గది తాళంచెవి నా ముందు పెట్టారు.